రీలులో మూడు పిలుపులు

1988 ఎండాకాలం. జనగామ స్టేషన్ రోడ్డులో నాకు రికార్డింగ్ దుకాణం ఉండేది. ముందు గదిలో క్యాసెట్లు అమ్మేవాణ్ణి. వెనక గదిలో గోడలకు గోనెసంచులు కొట్టి, కోడిగుడ్ల అట్టలు అతికించి పాటలు పట్టేవాణ్ణి. హైదరాబాద్ పోలేని భజన మండళ్లు, చర్చి పాటల వాళ్లు, ఒగ్గు కథ చెప్పేవాళ్లు నా దగ్గరికే వచ్చేవారు. రాలేని వాళ్ల ఇళ్లకు పెట్టెలు సర్దుకుని నేనే పోయేవాణ్ణి. ఇంట్లో రికార్డింగ్ అంటే ఇప్పుడు సరదా. అప్పుడు అది కూలీ లేని మోతపని.

నా పనికి గుండెకాయ మిక్సర్. మా అత్తగారు చాలాకాలం దాన్ని పచ్చడి నూరే మిషన్ అనుకుని, అల్లుడు ఒక్కసారైనా చట్నీ తెచ్చిపెట్టలేదని అలిగింది. నాలుగైదు మైకుల గొంతులను ఒక్కొక్కదాన్నీ పెంచి, తగ్గించి ఒకే టేపులోకి కలిపే పెట్టె అది. నా దగ్గర రెండుండేవి. ఒకటి మా ఉస్తాద్ కరీం సాబ్ ఇచ్చిపోయిన అనలాగ్ మిక్సర్. గొంతు కరెంటుగా మారి, తీగల్లో కరెంటుగానే పారి టేపు మీదికి పోతుంది. రెండోది ఆ ఏడాదే హైదరాబాద్‌లో కొన్నాను. ముఖం మీద ఎర్ర అక్షరాలతో ‘డిజిటల్’ అని ఉండేది. ఇప్పటివాళ్లు వాడే పూర్తి డిజిటల్ మిక్సర్ కాదది. ఎకో లాంటి కొన్ని పనులను మాత్రం గొంతును అంకెలుగా మార్చి చేసేది. అందులో నాకు నచ్చింది నాయిస్ గేట్. గేట్ అంటే తలుపే. మనం పెట్టిన మట్టం కంటే చిన్న చప్పుడు వస్తే మూసుకుంటుంది, పెద్దది వస్తే తెరుచుకుంటుంది. ఫ్యాను గాలి, పక్కింటి దగ్గు, ఏదీ లోపలికి రాదు.

రెండింట్లో ఏది మంచిదని అడగని మనిషి లేడు. పాతదానిలో ఎప్పుడూ సన్నగా గుర్రు ఉండేది, కానీ గొంతు వెచ్చగా వచ్చేది. ఊళ్లలో వోల్టేజి పడిపోతే కరెంటు బుగ్గ ఎర్రబడ్డట్టు పాట కాస్త బరువెక్కేది తప్ప ఆగేది కాదు. కొత్తది కడిగిన గిన్నెలా శుభ్రం. వోల్టేజి పడిందా, చెప్పాపెట్టకుండా కళ్లు మూసేది. ఇక పాడటం రానివాళ్లు ఏది పెట్టినా దాన్నే తిట్టేవారు. ఆడలేక మద్దెల ఓడు అన్నది ఊరికే పుట్టలేదు. ఈ ప్రశ్నకు నాకు అసలు జవాబు దొరికింది మాత్రం ఆ వైశాఖంలోనే.

సోమయ్య అనే రైతు దుకాణానికి వచ్చాడు. మహబూబాబాద్ నుంచి గంగారం పోయే దారిలో వాళ్ల ఊరు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"అన్నా, పెద్ద చక్రాల టేపు ఉంటది సూడు, గది వాయించే మిషన్ మీ కాడ ఉన్నదంట గదా?"

"స్పూల్ మిషన్. ఉన్నది. రీలు తెచ్చినవా?"

"తేలే. మా అవ్వ ఇల్లు దాటనియ్యది."

రీలులో ఉన్నది ఆయన అన్న మల్లేశం గొంతు. 1969లో తెలంగాణ ఉద్యమం రోజుల్లో మల్లేశం వరంగల్‌లో డిగ్రీ చదివేవాడు. పాటలు కట్టి పాడేవాడు. స్నేహితుడి మిషన్ మీద ఒక పాట పట్టి, ఆ రీలు తెచ్చి తల్లి రాజవ్వ చేతిలో పెట్టాడు. "ఇందుల నేనున్న, పైలంగ దాచవ్వా" అన్నాడట నవ్వుతూ. మర్నాడు ఊరేగింపు ఉందని వరంగల్ బస్సెక్కాడు. మళ్లీ రాలేదు. ఠాణాలో లేడు, దవాఖానలో లేడు, జైల్లో పేరు లేదు. శవం కూడా దొరకలేదు. ఇంట్లో మిషన్ లేదు కాబట్టి ఆ రీలును అన్నేళ్లూ ఎవరూ వినలేదు. అటక మీద రేకు సందుకలో అలాగే ఉంది.

"పన్నెండేండ్లు దాటితే దర్భబొమ్మ చేసి కర్మ చెయ్యొచ్చన్నడు అయ్యగారు. అవ్వ ఒప్పుకుంటలేదన్నా" అన్నాడు సోమయ్య. "దర్వాజకు గొళ్లెం పెట్టనియ్యది. పొద్దుగూకంగనే రెండు జొన్నరొట్టెలు తీసి పక్కకు పెడ్తది. ఇప్పుడు దమ్ము పెరిగింది, తిండి పోయింది. అయినా వాడొచ్చేదాక పానం పోనియ్య అంటది. సూడలేకపోతున్న. ఒక్కపారి వాని గొంతు వింటే కడుపు సల్లబడి ఒప్పుకుంటదేమో."

మాట పూర్తికాకుండానే ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమట కాదది.

స్పూల్ మిషన్, రెండు మిక్సర్లు, క్యాసెట్ డెక్కు మూటలు కట్టి, కాజీపేటలో బండి మారి, మానుకోటలో దిగాను. ఆ పక్క వాళ్లకు మహబూబాబాద్ మానుకోటే. అక్కడి నుంచి ఎడ్లబండి. దారి పొడుగునా నా మిషన్ల కింద గడ్డి సరిచేస్తూ, బండివాణ్ణి తిడుతూ పోయాను.

రాజవ్వ గడప పక్కనే కూర్చుని ఉంది. చూపు చాలావరకు పోయింది. నా అడుగుల చప్పుడుకే ముఖం తిప్పింది.

"నువ్వేనా గొంతులు పట్టేటోనివి? చేపలు పట్టేటోళ్లను సూసిన గని గొంతులు పట్టేటోన్ని ఇప్పుడే సూస్తున్న" అంది.

"నా వలలో నీ గొంతూ పడ్తది, అవ్వా."

"పట్టు మరి. వాని పాటకు నేను జవాబు కట్టిన. ఇన్నేండ్ల సంది కడ్తనే ఉన్న. రెండూ కలుపాలె నువ్వు."

"పాట వినకుండనే జవాబెట్ల కట్టినవ్?"

"ఆ పాట ఇంట్ల పాడి పాడి నా చెవులు తిన్నడు పోరడు. వినుడేంది!"

నవ్వింది. ఆ నవ్వు చూసి పని తేలికగా అయిపోతుందనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం. వీధిలో పురుగు కూడా లేదు. పాత మిక్సర్‌లో ఒక ఛానల్‌కు స్పూల్ తగిలించి, ఇంకో ఛానల్‌కు మైకు పెట్టి, ముందు రీలు వినిపిస్తానని తిప్పాను. వానచినుకుల్లా సన్నటి చప్పుడు. ఆ తర్వాత, నేల కింది నుంచి ఎవరో అన్నట్టు, చాలా మెల్లగా వినిపించింది.

"అవ్వా..."

పెరట్లో బర్రె మేత ఆపి తలెత్తింది. రాజవ్వ చెయ్యి గడపను పట్టుకుంది. పెదవులు బిగించింది, పలకలేదు. ఒక ఊపిరి తీసుకునేంత సేపటికి నిండుగా, పక్క గదిలో నిలబడి పిలిచినట్టు వచ్చింది.

"అవ్వా!"

ఇంకో ఊపిరికి మళ్లీ అదే గొంతు దూరం నుంచి, "అవ్వా..."

"ఓయ్ బిడ్డా!" అంటూ రాజవ్వ లేచి నిలబడింది. కర్ర లేకుండా లేవలేని మనిషి. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. రీలులో పాట మొదలైంది.

"మానుకోట బాట మీద మల్లొస్తనే అవ్వా
జొన్నరొట్టె రెండు జర దాచిపెట్టు అవ్వా"

పాట అయ్యేదాకా ఆమె కూర్చోలేదు. అయ్యాక సోమయ్య వైపు తిరిగి గట్టిగా అంది. "విన్నవా? మూడుపార్లు పిలిచిండు. దయ్యం ఒక్కపారే పిలుస్తది, మనిషి మల్ల పిలుస్తడు. నా కొడుకు బతికే ఉన్నడు. కర్మ అన్నోని నాలుక కోస్త!"

ఈ మాట తెలియని ఇల్లు మా వైపు లేదు. చీకటి పడే వేళ బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు. చచ్చినవాళ్లకు ఒక్క పిలుపే ఉంటుంది, పలికితే వెంట తీసుకుపోతారు. బతికినవాళ్లయితే మళ్లీ పిలుస్తారు. మా అమ్మ కూడా నన్ను అలాగే పెంచింది. ఇప్పుడు ఆ లెక్కన రీలు చెప్పింది కాబట్టి మల్లేశం బతికినట్టే.

సోమయ్య నన్ను కొట్టం పక్కకు లాగాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఏందన్నా గది? మా అన్న ఒక్కపారే కదా పిలిచి పాట మొదలువెట్టేది?"

నేను చెప్పాను. దాన్ని మా పనిలో ప్రింట్-త్రూ అంటారు. టేపు మీద గొంతు అయస్కాంతపు మరకగా ఉంటుంది. రీలు ఏళ్ల తరబడి చుట్టి ఉంటే, అందులోనూ ఎండకు కాగే పెంకుల కింద ఉంటే, ఒక చుట్టు మీది మరక పైచుట్టుకూ కిందిచుట్టుకూ అంటుతుంది. పెద్దగా పిలిచిన పిలుపుకు ఒక చుట్టు ముందు ఒక నీడ, ఒక చుట్టు తర్వాత ఒక నీడ. మాట పుట్టకముందే దాని నీడ వినిపిస్తుంది. నేను అంతకుముందు చాలా రీళ్లలో విన్నాను. ఇంత స్పష్టంగా ఎన్నడూ వినలేదు.

"మరి గా నీడలను తీసెయ్యరాదా?"

"కొత్త మిషన్ పెడితే పోతయ్. చిన్న చప్పుడుకు దాని తలుపు మూసుకుంటది."

"అయితే తియ్యి. ఒక్క పిలుపే ఉండాలె. మిషన్ కరాబైందని చెప్పి మల్ల వినిపియ్యి. ఒక్కపారే పిలిస్తే అవ్వకు తెలుస్తది. కర్మకు ఒప్పుకుంటది. నీకు దండం పెడ్త."

నాకు తిక్క రేగింది. "సోమన్నా, నేను గొంతు బాగుచేసేటోన్ని. మనుషులను చంపుడు, బతికిచ్చుడు నా దందా కాదు. నీ అన్నను చంపేతందుకు నన్ను జనగామ కెళ్లి పిలిచినవా?"

ఆయన అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "చచ్చినోడు ఎట్లన్న చచ్చిండు. బతికున్న అవ్వ దినాం చస్తున్నదన్నా" అన్నాడు. నా కోపం నాకే సిగ్గనిపించింది. ఆయన అబద్ధం చెప్పమన్నది తల్లి మీద ప్రేమతోనే. అయినా చెప్పలేను. మూడు పిలుపుల క్యాసెట్ ఇచ్చి పోతే అదీ అబద్ధమే. నాకు టేపు మరక సంగతి తెలుసు, ఆమెకు తెలియదు. అంతే తేడా.

లోపలికి వెళ్లి రాజవ్వ ఎదుట కూర్చున్నాను.

"అవ్వా, కొత్త చీర తడి ఆరకముందే మడత పెడితే ఏమైతది?"

"రంగు దిగి పక్క మడతకు అంటుతది. గిదేం సవాలు?"

"నీ రీలు కూడ గట్లనే మడతవడి ఉన్నది. ఇన్నేండ్లు. మల్లేశం పిలుపు పక్క మడతలకు అంటింది."

ఆమె వేళ్ల మీద మూడు లెక్కపెట్టింది. కోడలు, సోమయ్య భార్య, వంటింటి తలుపు దగ్గర నిలబడిపోయింది.

"మరి మూడిట్ల వానిది ఏది?"

"నడిమిది."

"అంటే వాడు ఒక్కపారే పిలిచిండు."

"అవునవ్వా. రీలు పట్టిననాడు పాట కోసం పిలిచిండు. అప్పుడు బతికే ఉన్నడు. తర్వాత సంగతి నా మిషన్‌కు తెల్వది." ఉన్న నిజం అంతే. దానికి ఒక్క మాట కలపలేదు, తీయలేదు.

ఆమె గడపను అరచేత్తో నిమురుతూ కూర్చుంది. చివరికి, "మరక వద్దు. నాకు వాని పిలుపే కావాలె. గదొక్కటి ఇనిపియ్యి" అంది.

కొత్త మిక్సర్ పెట్టి, నాయిస్ గేట్ మట్టం సరిచేసి, రీలు మొదటికి తిప్పాను. ఈసారి వానచినుకుల చప్పుడు లేదు. ఏమీ లేదు. ఎండిన బావిలోకి తొంగిచూసినట్టు ఉంది. అందులోంచి ఉన్నట్టుండి, "అవ్వా!" మళ్లీ ఏమీ లేదు.

ఒక్క పిలుపు. రాజవ్వ నోరు తెరవబోయింది. కోడలు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "అత్తా, పలుకకు! మొదటి పిలుపుకు పలుకొద్దు!"

"చెయ్యి ఇడువు. పిలిచింది ఎవలనుకున్నవే? దయ్యమైతే మాత్రం నా కొడుకు కాకుండ పోతడా?" అని, గొంతు పగిలేలా, "ఓయ్ బిడ్డా!" అంది.

నేను రీలు ఆపాను. అందరం ఆమె వైపే చూస్తున్నాం. ఆమెకు ఏమవుతుందోనని నిజంగానే భయపడ్డాను. ఏమీ కాలేదు. కళ్లు తుడుచుకుని, "ఇగ నా జవాబు పట్టు" అంది. పిలుపు తర్వాత కొంచెం జాగా ఖాళీగా ఉంచమంది. అక్కడ క్యాసెట్‌లో పలకదట, విన్నప్పుడల్లా తానే పలుకుతుందట.

కొడుకు పాట క్యాసెట్‌లోకి ఎక్కింది. తల్లి పాట మొదలుపెట్టగానే వోల్టేజి పడి కొత్త మిక్సర్ కళ్లు మూసింది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, పాతదానికే మైకు తగిలించాను. "దర్వాజ బార్ల దీసే ఉన్నది బిడ్డా" అని ఆమె పాడుతుంటే బర్రె మెడలో గంట, పొయ్యిలో కట్టె చిటపట, ఆమె దమ్ము, అన్నీ టేపులోకి ఎక్కాయి. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. కొడుకు గొంతు చుట్టూ ఏమీ లేదు. తల్లి గొంతు చుట్టూ ఇల్లంతా ఉంది.

కొన్నాళ్లకు సోమయ్య మళ్లీ వచ్చాడు. అవ్వ కర్మకు ఒప్పుకుంది, కాళేశ్వరంలో చేయాలంది, క్యాసెట్ అక్కడ వాయించడానికి నన్నూ రమ్మంది. పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా బస్సులో పోయాం. అడవి దాటేదాకా ఆమె క్యాసెట్‌ను కొంగులో కట్టుకుని కూర్చుంది.

పొద్దున్నే గోదావరి ఒడ్డు. ఎండాకాలం చివర కావడంతో నీళ్లు దూరంగా జరిగి, ఇటు ఇసుక, అవతల కూడా ఇసుకే, దాని వెనక పొదలు. గాలి లేదు. సోమయ్య దర్భబొమ్మ ముందు కూర్చున్నాడు. అయ్యగారు పిండం పట్టుకొమ్మనగానే రాజవ్వ చెయ్యెత్తి ఆపింది. "ఒక్కపారి వాని మాట ఇననియ్యి."

నా చిన్న బ్యాటరీ టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ వేసి నొక్కాను.

"అవ్వా!"

తర్వాత నేను ఉంచిన ఖాళీ. ఆమె పలకడానికి నోరు తెరిచింది. అప్పుడు నీళ్ల మీది నుంచి, ఎంతో దూరం నుంచి, మెల్లగా వచ్చింది.

"అవ్వా..."

అయ్యగారు మంత్రం ఆపి నా వైపు చూశాడు, టేపు ఆపమన్నట్టు. నేను అప్పటికే ఆపేశాను.

రాజవ్వ ముఖం నదివైపు తిప్పింది. అంత ప్రశాంతమైన ముఖం నేను మళ్లీ చూడలేదు. "ఓయ్ బిడ్డా!" అని, తర్వాత మామూలు గొంతుతో కొడుకుతో అంది. "మల్ల పిలిచిండు సోమా. వాకిట్ల నుంచి గాదు, అవతలి ఒడ్డు నుంచి పిలిచిండు. ఒడ్డు దాటి చేరిండు. ఇగ కానియ్యి."

పిండం నీళ్లలో కలిపారు.

జనగామ వచ్చి ఆ క్యాసెట్‌కు నేను ముందే తీసి ఉంచుకున్న కాపీని ఎన్నోసార్లు విన్నాను. ఒకటే పిలుపు. మరి నది దగ్గర వినిపించింది ప్రతిధ్వని అంటారా? ప్రతిధ్వని రావాలంటే ఎదురుగా గోడో గుట్టో ఉండాలి, గొంతు పోయి తగలడానికి. అవతల ఉన్నది పల్లపు ఇసుక. పైగా అరచేతి స్పీకరున్న నా డబ్బా చప్పుడు నదిలో సగం దూరం కూడా పోదు. శబ్దం తిని బతికిన మనిషిని నేను. దానికి నా దగ్గర లెక్క లేదు. లేదని ఒప్పుకోవడానికి నామోషీ కూడా లేదు.

ఆ రీలు నేర్పింది మాత్రం నా దుకాణంలో చివరి దాకా పాటించాను. శుభ్రం కావాలంటే డిజిటల్, ఇల్లు కావాలంటే అనలాగ్ అని చెప్పేవాణ్ణి. ఎవరి టేపులో ఏ చిన్న చప్పుడు తీసెయ్యాలన్నా ముందు ఆ ఇంటివాళ్లకు వినిపించి, ఇది మీకు ఏమవుతుందని అడిగేవాణ్ణి. మనకు నాయిస్ అనిపించింది వాళ్లకు మనిషి కావచ్చు. ఇక నా సంగతంటారా, నన్ను ఇప్పటికీ ఎవరు పిలిచినా రెండో పిలుపుకే పలుకుతాను. మా ఆవిడ నాకు చెవుడు వచ్చిందనుకుంటుంది.

వానలు పడ్డాక సోమయ్య ఒకసారి విత్తనాల కోసం జనగామ వచ్చి దుకాణంలో కూర్చున్నాడు. అవ్వ ఎట్లున్నదని అడిగాను.

"మంచిగనే తింటున్నదన్నా. కాళేశ్వరం కెళ్లి వచ్చిననాడు పొద్దుగూకినంక రొట్టెలు పక్కకు తియ్యలే. నేను చేతులు కడుక్కొని వచ్చేసరికి, తడుముకుంట లేచి, దర్వాజ దగ్గరేసి, తానే గొళ్లెం పెట్టింది."